ఎవరి బరువు ఎవరు మోస్తున్నారు?

ప్రతి నెలా మొదటి శనివారం పొద్దున ఆవిడ వంటింటి బల్ల ముందు కూర్చునేది. బల్ల మీద చెక్కుబుక్కు, పూల బొమ్మ ఉన్న ఒక కార్డు, ఆ నెల వచ్చిన చిన్న పత్రిక. పత్రికతో పాటు వచ్చిన కాగితంలో ఒక పేరు, ఒక చిరునామా, ఒక జబ్బు ఉండేవి. ఎక్కడో టెక్సస్‌లో ఒక పెద్దాయనకి హెర్నియా ఆపరేషన్. మరో నెల ఒరెగాన్‌లో ఒక పిల్లాడికి విరిగిన చెయ్యి. ఆవిడ ఆ పేరు మీద చెక్కు రాసి, కార్డు మీద రెండు వాక్యాల ప్రార్థన రాసి, కవరు అంటించి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ఊరుకునేది. ఆ తర్వాతే కాఫీ.

2017-18లో నేను ఆవిడ ఇంటి మేడగదిలో అద్దెకున్నాను. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు. గుంటూరు నుంచి లూథరన్ మిషనరీ స్త్రీలు అమెరికాకి రాసుకున్న ఉత్తరాలు, నివేదికలు చదవడం అప్పటి నా పని. పగలంతా వందేళ్ళనాటి స్త్రీల చేతిరాతలు చూసి ఇంటికొచ్చేసరికి ఇక్కడ బతికున్న స్త్రీ చేతిరాత కనిపించేది. ఒకరోజు అడిగాను, ఇది మీ ఇన్సూరెన్సా అని. ఆవిడ చాలా గట్టిగా తల అడ్డంగా ఊపింది. "కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి నేనెవరో తెలీదు. ఈయన పేరు నాకు తెలుసు, నా పేరు ఈయనకి తెలుసు" అంది.

నిజం చెప్పాలంటే ఆ మాట నన్ను కదిలించింది. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో మా ఊరి గుడిలో స్త్రీల సమాజం వాళ్ళు ఇంటింటికీ ఒక డబ్బా పెట్టేవాళ్ళు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా అమ్మమ్మ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో పోసేది. నెలాఖరుకి అవన్నీ గుడికి చేరేవి. జబ్బుపడ్డ ఇంటికి, పురుడు వచ్చిన ఇంటికి, మగదిక్కు పోయిన ఇంటికి వెళ్ళేవి. అమ్మమ్మకి బీమా అనే మాట తెలియదు. కానీ బీమా అంటే ఏమిటో తెలుసు.

ఆ శీతాకాలంలో ఆవిడ కూతురు గర్భవతి అయ్యింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బేకరీలో పని. పెళ్ళి కాలేదు. ఆ కుర్రాడు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. తల్లి ఆ సంస్థకి ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళుగా నెల తప్పకుండా చెక్కులు పంపిన కుటుంబం అది. అవతలి గొంతు ఎంతో మృదువుగా నిబంధనల పుస్తకంలో ఫలానా పేజీ చూడమంది. వివాహ బంధానికి బయట కలిగిన గర్భం పంచుకోదగిన ఖర్చు కాదు. మీ కోసం ప్రార్థన చేయమంటారా అని కూడా ఆ గొంతు అడిగింది. ఫోన్ పెట్టేసి ఆవిడ చాలాసేపు సింకు దగ్గర నిలబడింది. ఆ నెల మొదటి శనివారం కూడా చెక్కు రాసింది.

ఆ చెక్కు ఎందుకు రాసిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నా పరిశోధనకి సంబంధం లేదనుకుంటూనే విశ్వాసం ఆధారంగా పుట్టిన ఆరోగ్య బీమా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ తెలిసిందేమంటే, ఆ చరిత్ర నిండా స్త్రీలే ఉన్నారు. ఒకచోట లెక్కలో అంకెలుగా, ఒకచోట స్థాపకులుగా, ఇంకోచోట షరతులుగా.

విధవరాళ్ళ లెక్క

ఈ కథ చాలామంది స్కాట్లాండ్ దగ్గర మొదలుపెడతారు. 1740లలో ఎడింబరోలో రాబర్ట్ వాలస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు ప్రెస్బిటేరియన్ పాదిర్లు తమ తోటి పాదిర్లు చచ్చిపోతే వాళ్ళ భార్యలు, పిల్లలు వీధిన పడుతున్నారని ఆలోచించారు. అంతకు ముందు అలాంటి కుటుంబాలని ఆదుకోవడమంటే సంఘంలో చందా ఎత్తడమే. వీళ్ళు దాన్ని గణితానికి అప్పగించారు. ఎడ్మండ్ హేలీ 1693లో ప్రచురించిన మరణాల పట్టికని తీసుకున్నారు. గణితాచార్యుడు కోలిన్ మెక్‌లారిన్ చేత లెక్క సరిచూయించుకున్నారు. ఏ సమయంలోనైనా స్కాట్లాండ్‌లో సుమారు 930 మంది పాదిర్లు బతికి ఉంటారు, ఏడాదికి సగటున 27 మంది పోతారు, వాళ్ళలో 18 మందికి భార్యలు మిగులుతారు అని తేల్చారు. పాదిరి ఏడాదికి 2 పౌన్ల 12 షిల్లింగుల 6 పెన్నీలు కడితే అతని భార్యకి ఏటా 10 పౌన్లు. 6 పౌన్ల 11 షిల్లింగుల 3 పెన్నీలు కడితే 25 పౌన్లు. 1744లో పార్లమెంటు చట్టంతో ఆ నిధి నిలబడింది. 1765 నాటికి నిధిలో 58,348 పౌన్లు ఉంటాయని వాళ్ళు ముందే వేసిన అంచనా ఒక్క పౌను తేడాతో నిజమైంది.

ఈ లెక్కని మెచ్చుకోని ఆర్థిక చరిత్రకారులు లేరు. నేనూ మెచ్చుకుంటాను. దానం తీసుకోవడంలో ఉండే తలవంపు నుంచి ఆ స్త్రీలు బయటపడ్డారు. రాబడి ఎంతో ముందే తెలిసింది. ఎవరి దయా అక్కర్లేదు. కానీ అందులో సభ్యుడు పురుషుడు. ఎంత కట్టాలో ఎంచుకునేది అతనే. ఆమె ఆ నిధిలోకి ప్రవేశించేది భర్త చావు ద్వారా. పద్దెనిమిది అనే అంకెలో ఆమె ఉంది, కానీ ఆ అంకె వేసిన గదిలో ఆమె లేదు. జబ్బుపడ్డ ఆమెకి, కాన్పులో ప్రాణం మీదికొచ్చిన ఆమెకి ఆ నిధిలో చోటు లేదు. భర్త తర్వాత మిగిలినప్పుడే ఆమెకి లెక్క ఉంది.

బట్టలుతికే చేతులు

ఇదే కథని ఇంకో చోట నుంచి మొదలుపెడితే స్త్రీలు వేరేగా కనిపిస్తారు. 1787లో ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, అబ్సలమ్ జోన్స్ అనే ఇద్దరు నల్లజాతి క్రైస్తవులు ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టారు. నెలకి ఒక షిల్లింగు చందా. జబ్బుపడ్డవాళ్ళకి, విధవరాళ్ళకి, తండ్రి లేని పిల్లలకి సాయం. బానిసత్వం ఇంకా నడుస్తున్న దేశంలో, ఏ ప్రభుత్వమూ తమది కాని మనుషులు తమకి తాము ప్రభుత్వమైన సందర్భం అది.

1867లో, అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్ళకి, బాల్టిమోర్‌లో మేరీ ప్రౌట్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ అనే సంఘాన్ని స్థాపించింది. జబ్బుకీ, చావు ఖర్చుకీ పరస్పర సాయం చేసుకునే స్త్రీల సంఘంగా అది మొదలైంది. మగవాళ్ళని తర్వాతే చేర్చుకున్నారు. పేరు గమనించండి. లూకా సువార్త రాసిన లూకా వైద్యుడని క్రైస్తవుల నమ్మకం. చర్చి ఒడిలో, వైద్యుడైన సువార్తికుడి పేరుతో, ఒక స్త్రీ స్థాపించిన ఆరోగ్య నిధి ఇది. క్రైస్తవ ఆరోగ్య బీమా గురించి మాట్లాడే ఇవాళ్టి సంస్థల పత్రికల్లో నాకు మేరీ ప్రౌట్ పేరు ఒక్కసారీ కనిపించలేదు.

ఆ సంఘాన్ని నిలబెట్టింది రిచ్‌మండ్‌కి చెందిన మ్యాగీ లీనా వాకర్. తల్లి ఊరివాళ్ళ బట్టలు ఉతికి బతికింది. ఉతికిన బట్టల మూటలు ఇళ్ళకి చేర్చింది చిన్నప్పటి మ్యాగీ. పెరిగి టీచరైంది, 1886లో పెళ్ళి చేసుకోగానే ఆ ఉద్యోగం పోయింది, ఎందుకంటే పెళ్ళైన స్త్రీలని బడిలో ఉంచేవారు కాదు. 1899లో ఆమె సెయింట్ లూక్ సంఘం బాధ్యత తీసుకునేనాటికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు. 1902లో ఒక పత్రిక, 1903లో ఒక బ్యాంకు, 1905లో ఒక బట్టల దుకాణం పెట్టించింది. అమెరికాలో బ్యాంకు స్థాపించి దానికి అధ్యక్షురాలైన తొలి మహిళ ఆమే. ఆ బ్యాంకులో డబ్బు దాచుకున్న వాళ్ళలో రోజుకి ఇంత అని బట్టలుతికి సంపాదించిన ఆడవాళ్ళు చాలామంది.

చరిత్రకారిణి ఎల్సా బార్‌క్లీ బ్రౌన్ 1989లో వాకర్ మీద ఒక వ్యాసం రాసింది. జాతి కోసం పని చేయడం, స్త్రీల కోసం పని చేయడం అని రెండు వేరు వేరు గదులు వాకర్ జీవితంలో లేవని ఆ వ్యాసం వాదిస్తుంది. నాకు దానితో పాటు ఇంకో విషయం తోచింది. ఆ స్త్రీలకి 'సభ్యత్వం' అంటే ఆధారపడటం కాదు. తన చందా తనది. తన జబ్బు తనది. తన పేరు మీదే పుస్తకం. భర్త ఉన్నాడా లేడా అన్నది ఆ పుస్తకం తెరిచే తాళంచెవి కాదు. సంఘాల్లో ఆచారాలు, ప్రమాణాలు, మర్యాదల పట్టింపులు ఉండేవి, కాదనను. ఆ కాలపు నల్లజాతి స్త్రీల మీద మర్యాద అనే బరువు ఎంత ఉండేదో ఆ సాహిత్యం చదివిన వాళ్ళకి తెలుసు. అయినా అక్కడ స్త్రీ అంకె కాదు, సంతకం.

గుర్రాలు, పత్రికలు

మా ఇంటావిడ చెక్కు ఈ రెండు దారుల్లో దేని నుంచీ నేరుగా రాలేదు. దానికి మూడో మూలం ఉంది, అదీ పెన్సిల్వేనియాలోనే. 1961 వసంతంలో న్యూ విల్మింగ్టన్ దగ్గర వాలెంటైన్ బైలర్ అనే ఆమిష్ రైతు పొలం దున్నుకుంటుంటే పన్నుల శాఖ వాళ్ళు వచ్చి అతని మూడు గుర్రాలని తోలుకుపోయారు. అతను సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టనన్నాడు. ఆమిష్ వాళ్ళకి పన్ను మీద కోపం లేదు. ముసలివాళ్ళనీ, రోగులనీ చూసుకోవడం సంఘం ధర్మం, దాన్ని ప్రభుత్వానికి అప్పగించడం విశ్వాసాన్ని వదులుకోవడమే అని వాళ్ళ వాదన. 1965లో మెడికేర్ చట్టంతో పాటే వాళ్ళకి ఆ పన్ను నుంచి మినహాయింపు దొరికింది. వాళ్ళకి దగ్గరి బంధువులైన మెన్నొనైట్లు అంతకు ముందే, 1945లో, మెన్నొనైట్ మ్యూచువల్ ఎయిడ్ పెట్టుకున్నారు.

'సంఘం చూసుకుంటుంది' అనే వాక్యంలో కర్త ఎవరని తెలుగు వ్యాకరణం చదివిన ఏ ఆడపిల్లయినా అడుగుతుంది. మంచం పక్కన కూర్చునేది ఎవరు, మలమూత్రాలు ఎత్తేది ఎవరు? లాంకస్టర్ చుట్టుపక్కల ఆస్పత్రి బిల్లుల కోసం జరిగే వేలంపాటల్లో బాగా ధర పలికేవి ఆడవాళ్ళు నెలల తరబడి కుట్టిన బొంతలు. ఆ కుట్టు ఏ పద్దులోనూ చందాగా నమోదు కాదు.

1980ల మొదట్లో ఒహాయోలో బ్రూస్ హాథార్న్ అనే పాస్టర్ క్రిస్టియన్ బ్రదర్‌హుడ్ న్యూస్‌లెటర్ మొదలుపెట్టాడు. ఎవరికి ఏ ఆస్పత్రి బిల్లు ఉందో పత్రికలో వేస్తారు, చదివినవాళ్ళు డబ్బు పంపుతారు. పేరులోనే సోదరత్వం ఉంది, సోదరి లేదు. 1993లో ఫ్లోరిడాలో మెడి-షేర్, 1994లో ఇల్లినాయ్‌లో సమారిటన్ మినిస్ట్రీస్ వచ్చాయి. సమారిటన్ పద్ధతిలో డబ్బు ఆఫీసుకి వెళ్ళదు, సభ్యుల మధ్యే ఉత్తరాల్లో ప్రయాణిస్తుంది. కమ్యూనిటీ అనే మాటకి ఇంతకంటే అందమైన రూపం ఉంటుందా అనిపిస్తుంది. కానీ 2000ల తొలి ఏళ్ళలో ఆ మొదటి న్యూస్‌లెటర్ మీద ఒహాయో అటార్నీ జనరల్ దావా వేశారు. విశ్వాసుల డబ్బుని నడిపేవాళ్ళు సొంత ఇళ్ళకీ, జీతాలకీ వాడుకున్నారన్నది అభియోగం. జ్యూరీ వాళ్ళ మీద కోటి డాలర్లకి పైగా పరిహారం వేసింది. హాథార్న్ పోయాడు, సంస్థ పేరు మార్చుకుని కొనసాగింది.

క్లెయిమ్, నీడ్

సాహిత్య విద్యార్థిని కాబట్టి నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ సంస్థల భాష. ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రీమియం అంటారు, ఇక్కడ షేర్ అంటారు. అక్కడ పాలసీ, ఇక్కడ గైడ్‌లైన్స్. అక్కడ క్లెయిమ్, ఇక్కడ నీడ్. క్లెయిమ్ అంటే హక్కు. ఇవ్వకపోతే కోర్టుకెళ్ళొచ్చు. నీడ్ అంటే అవసరం, అంటే విన్నపం. అవసరం ఎంత నిజమైనా అవతలివాళ్ళు తీర్చి తీరాలని ఏమీ లేదు. నిబంధనల పుస్తకం మొదటి పేజీల్లోనే ఇది బీమా కాదు, ఖర్చు చెల్లిస్తామన్న హామీ లేదు అని రాసి ఉంటుంది. వివాదం వస్తే చాలా చోట్ల క్రైస్తవ మధ్యవర్తిత్వానికి వెళ్ళాలి.

ఇది మాటల గారడీ అని కొట్టిపారేయలేం, ఎందుకంటే కోర్టులు కూడా ఈ మాటల దగ్గరే తగువులాడాయి. 2010లో కెంటకీ సుప్రీం కోర్టు మెడి-షేర్ పద్ధతిని పరిశీలించి, పేరేదైనా ఇది బీమాయే అంది. 2013లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టం మార్చి, కాదు అంది. ఇవాళ దాదాపు ముప్ఫై రాష్ట్రాల్లో చట్టం ఇవి బీమా కావని ఒప్పుకుని వదిలేసింది. బీమా కాకపోతే బీమా నియంత్రణ లేదు. నిల్వలు ఇంత ఉండాలని లేదు. కాన్పు ఖర్చు తప్పక ఇవ్వాలని లేదు.

వీళ్ళందరూ పునాదిగా చెప్పుకునేది గలతీయులకు పౌలు రాసిన పత్రిక ఆరో అధ్యాయం రెండో వచనం. ఒకరి బరువు ఒకరు మోయాలని అందులో ఉంది. చిన్నప్పుడు సండే స్కూల్లో నేనూ కంఠతా పట్టినదే. కానీ మూడు వచనాలు కిందికి దిగితే, ఐదో వచనంలో, ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలని కూడా పౌలే అంటాడు. మూలంలో వాడిన గ్రీకు మాటలు రెండూ వేరని వ్యాఖ్యాతలు సర్దిచెప్తారు. మీద పడే భారం ఒకటి, ఎవరి మూట వాళ్ళు మోసుకోవడం ఇంకొకటి అని. సరే. అయితే ఏది భారమో ఏది మూటో తేల్చేది ఎవరు? నిబంధనల పుస్తకం అంతా ఈ రెండు వచనాల మధ్య ఖాళీలో రాసినదే. విరిగిన చెయ్యి రెండో వచనం. పెళ్ళి కాని పిల్ల కడుపు ఐదో వచనం.

ఋజువు ఎవరి ఒంట్లో ఉంది

న్యాయంగా చెప్పాల్సింది ఒకటి ఉంది. 2014కి ముందు అమెరికాలో ఉద్యోగం ద్వారా కాకుండా సొంతంగా బీమా కొనుక్కునే స్త్రీ పరిస్థితి ఘోరం. ఒకే వయసు మగవాడి కంటే ఆమె దగ్గర ఎక్కువ ప్రీమియం లాగేవాళ్ళు. అలాంటి పాలసీల్లో ఎక్కువ వాటిల్లో కాన్పు ఖర్చు ఉండేదే కాదు. మతం ఊసెత్తని మార్కెట్ స్త్రీ శరీరాన్ని నష్టంగా లెక్కగట్టింది. అలాంటి రోజుల్లో ఈ క్రైస్తవ సంస్థలు పెళ్ళైన స్త్రీల కాన్పుని ఆశీర్వాదంగా చూశాయి. ఇంట్లో మంత్రసాని చేసే పురుటి ఖర్చుని కూడా పంచుకున్నాయి. సొంత పొలాలు, చిన్న వ్యాపారాలు చేసుకునే కుటుంబాల్లో, పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లులకి అది పెద్ద ఆసరా. మా ఇంటావిడకి చివరి ఇద్దరు పిల్లల పురుళ్ళూ అలాగే గడిచాయి. ఆమె కృతజ్ఞత నిజమైనది. ఆ కృతజ్ఞతని అజ్ఞానం అనడానికి నేనెవర్ని?

అయితే ఆ ఆసరాకి పెట్టిన షరతు ఏమిటన్నదే ప్రశ్న. పొగాకు తాగకూడదు, మద్యం మితిమీరకూడదు, వివాహానికి బయట లైంగిక సంబంధం ఉండకూడదు, చర్చికి వెళ్తున్నట్టు కొన్ని చోట్ల పాస్టర్ సంతకం ఉండాలి. కాగితం మీద ఈ షరతులు ఆడా మగా ఇద్దరికీ సమానమే. ఆ బేకరీ పిల్లా, వెళ్ళిపోయిన కుర్రాడూ ఒకే నియమాన్ని తప్పారు. కానీ తప్పిన గుర్తు ఆమె ఒంట్లోనే మిగిలింది. అతనికి రేపు అపెండిసైటిస్ వస్తే, అతని కుటుంబం కూడా సభ్యులైతే, చెక్కులూ ప్రార్థనలూ నడిచి వస్తాయి. బలాత్కారమైతే మినహాయింపు ఉంటుందని కొన్ని పుస్తకాల్లో రాశారు. అంటే ఆసరా కావాలంటే ఆమె భార్య అయినా అయ్యుండాలి, బాధితురాలైనా అయ్యుండాలి. ఆ రెంటి మధ్య నిలబడ్డ స్త్రీకి ఆ పుస్తకంలో పేజీ లేదు.

స్కాట్లాండ్ నిధిలో స్త్రీ భర్త చావు ద్వారా ప్రవేశించింది. ఇక్కడ పెళ్ళి ద్వారా ప్రవేశిస్తుంది. రెండున్నర శతాబ్దాల్లో ద్వారం మారింది, కాపలా మారలేదు.

చట్టంలో ఒక తేదీ

2010 మార్చిలో ఒబామా ఆరోగ్య చట్టం వచ్చింది. అందరూ బీమా తీసుకోవాలి, లేదా జరిమానా కట్టాలి. ఆ నియమం నుంచి ఈ 'ఆరోగ్య పంపకపు పరిచర్యల' సభ్యులని మినహాయించారు. సభ్యులు ఒకే నైతిక లేదా మత విశ్వాసాలు పంచుకోవాలి, జబ్బు వచ్చిందని సభ్యత్వం తీసేయకూడదు, ఏటా ఆడిట్ జరగాలి, సంస్థ 1999 డిసెంబర్ 31 నాటి నుంచీ ఆపకుండా నడుస్తూ ఉండాలి. ఆ తేదీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ మినహాయింపు కింద కొత్తగా ఎవరూ సంస్థ పెట్టలేరు. ఇంకో మేరీ ప్రౌట్ వచ్చి, షరతులు వేరేగా రాసుకుంటానంటే, ఆలస్యంగా వచ్చావమ్మా అంటుంది చట్టం. 1980లలో, 90లలో ఎవరికి గొంతు ఉందో వాళ్ళ నిబంధనలకే ముద్ర పడింది.

2010లో రెండు లక్షల లోపే అనుకున్న సభ్యుల సంఖ్య పదేళ్ళు తిరక్కుండా పది లక్షలు దాటింది. విశ్వాసం ఒక్కటే కారణం కాదు. నెల చెల్లింపు తక్కువ. ఎవరు నడుపుతున్నారో చూడకుండా చేరినవాళ్ళూ ఉన్నారు. 2019లో ట్రినిటీ హెల్త్‌షేర్, దాన్ని నడిపిన అలియెరా కంపెనీల మీద పలు రాష్ట్రాలు చర్యలు తీసుకున్నాయి. 2021లో రెండూ దివాలా తీశాయి. బిల్లులు చేతిలో పట్టుకుని మిగిలింది రోగులు. జరిమానా కూడా 2019 నుంచి సున్నా అయ్యింది.

బేకరీ పిల్ల కాన్పు ఖర్చు చివరికి ఎవరు మోశారు? మెడికెయిడ్. పేదల కోసం ప్రభుత్వం పన్నుల డబ్బుతో నడిపే పథకం. అమెరికాలో జరిగే ప్రతి పది కాన్పుల్లో సుమారు నాలుగింటి ఖర్చు దానిదే. ఏ ప్రభుత్వం చెయ్యి పడకూడదని ఆ ఇల్లు తరతరాలుగా అనుకుందో, ఆ చెయ్యే పట్టుకుంది. ఆమె పేరు తెలియదు దానికి. పెళ్ళైందా అని అడగలేదు. జీతం ఎంత అని మాత్రం అడిగింది.

గుంటూరు దాకా వచ్చిన కాసులు

ఆ రోజుల్లోనే పగలు నేను చదువుతున్న కాగితాల్లో అన్నా సారా కుగ్లర్ ఉంది. పెన్సిల్వేనియా పిల్ల, ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలలో చదివింది. వైద్యురాలిగా పంపమని అడిగితే లూథరన్ బోర్డు వైద్యం పనికి ఇంకా సిద్ధంగా లేమంది. ఘోషా స్త్రీలకి చదువు చెప్పే టీచరుగానే 1883లో గుంటూరు వచ్చింది. వైద్య పరికరాలు మాత్రం పెట్టెలో తెచ్చుకుంది. 1898లో స్త్రీలకీ పిల్లలకీ ఆస్పత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మా అమ్మ పుట్టింది కుగ్లర్ ఆస్పత్రిలోనే.

ఆ ఆస్పత్రికి డబ్బు ఎక్కడిది? 1879లో ఏర్పడిన లూథరన్ స్త్రీల మిషనరీ సమాజం నుంచి. అమెరికా గృహిణులు ఇంటి ఖర్చుల్లో మిగిల్చి కానుక పెట్టెల్లో వేసిన చిల్లర. బీద విధవరాలి రెండు కాసుల కథే దానికి ఆదర్శం. చిత్రమేమంటే అదీ క్రైస్తవ స్త్రీల ఆరోగ్య నిధే, అదీ పేరు తెలియని మనిషి జబ్బుకి పంపిన డబ్బే. కానీ ఆ తలుపు దగ్గర హిందువులు, ముస్లిములు, మాలమాదిగలు, బ్రాహ్మణులు అందరూ వచ్చారు. నీ విశ్వాసమేమిటి, నీ పెళ్ళి ఎక్కడ అని అడిగి కాన్పు చేయలేదు.

దీన్ని పొగడ్తగా ముగించలేను. ఆ డబ్బుకీ ఒక ధర ఉంది. నివేదికల్లో మా ముత్తవ్వలు 'చీకట్లో మగ్గే అక్కచెల్లెళ్ళు'గా తప్ప కనిపించరు. వాళ్ళ నొప్పి అమెరికా గృహిణి కన్నీటికి సరుకు. మందు సీసాతో పాటు సువార్త కూడా ఇచ్చేవాళ్ళు. జాలి కూడా ఒక షరతే, కాకపోతే దాన్ని తీసుకునేవాళ్ళ చేత సంతకం పెట్టించరు.

ఇక మా అమ్మమ్మ డబ్బా. దాన్ని ఇంతసేపూ తెల్లగా ఉంచాను. అమ్మని అడిగితే రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ఆ పిడికెడు బియ్యం తాతయ్య పళ్ళెంలోంచి ఎప్పుడూ తగ్గలేదు, అమ్మమ్మ పళ్ళెంలోంచే తగ్గేది. రెండోది, ఒకసారి మా పేటలోనే పెళ్ళి కాని పిల్లకి కడుపొచ్చింది. పాదిరి గారు ఆ పిల్లకి సంస్కారం ఆపేశారు. ఆరాధన రోజు సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించారు. కారకుడు మగవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ ఇంటికి గుడి బియ్యం వెళ్ళలేదు. అమ్మమ్మ గుడిలో నోరెత్తలేదు. ఎత్తే ధైర్యం, ఎత్తే చోటూ ఆమెకి లేవు. కానీ ఆ నెల మా డబ్బాలో బియ్యం గుడికి సగమే వెళ్ళాయట. మిగతా సగం ఏమయ్యాయని ఎవరూ అడగలేదు.

సమారిటన్ ఉత్తరాలు, లూక్ సంఘం పద్దులు, కుగ్లర్ నివేదికలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి వాటి చరిత్ర రాయగలుగుతున్నాను. ఆ సగం డబ్బా బియ్యానికి కాగితం లేదు. నిబంధనలు రాసేచోట స్త్రీలు లేనప్పుడు, నిబంధన దాటి సాయం చేయడానికి వాళ్ళు దొంగల్లా నడవాల్సి వస్తుంది. అందుకే ఎవరైనా విశ్వాసం మీద ఆరోగ్య నిధి పెడతామంటే నాకు విశ్వాసంతో పేచీ లేదు. రెండే అడుగుతాను. షరతులు రాసిన గదిలో కాన్పు అయిన ఆడది ఉందా? సభ్యత్వ పుస్తకం ఆమె పేరు మీద ఉందా?

నేను తిరిగొచ్చేసే నెల మొదటి శనివారం, బల్ల మీద రెండు కార్డులు కనిపించాయి. ఒకటి ఎప్పటిలా ఎవరో తెలియని మనిషికి. రెండోది ఆ ఊరి ఆస్పత్రిలో పురుడు పోసుకున్న ఇంకో పిల్లకి. ఆ పిల్లకీ పెళ్ళి కాలేదు, ఈ ఇంటివాళ్ళ చర్చి కూడా కాదు. రెండో కవర్లోనూ ఆవిడ చెక్కు పెట్టింది. నా వైపు చూసి, "ఇది పుస్తకంలో లేదు" అంది. నేను కాఫీ కలపడానికి లేచాను.